అణువిద్యుత్తు: మోతాదు, భయం, నమ్మకం

నేను వైద్యవృత్తిలో ఉన్న కాలంలో సి.టి. స్కానింగుకు చీటీ వ్రాసి ఇచ్చినప్పుడల్లా రోగి బంధువుల నుండి ఒక ప్రశ్న వచ్చేది. “డాక్టరుగారూ, దీనివల్ల రేడియేషన్ ఒంట్లోకి పోతుందట గదా! ముందు ముందు క్యాన్సరు రాదు గదా?” ఆ ప్రశ్నను నేనెన్నడూ తేలికగా తీసుకోలేదు. ఎంత మోతాదు పడుతుంది, పరీక్ష ఎందుకు అవసరం, చేయించుకోకపోతే వచ్చే నష్టమేమిటి అనే మూడు విషయాలు విడమరచి చెబితే చాలామంది తృప్తిపడి పరీక్షకు వెళ్లేవారు. “ఏమీ కాదు, వెళ్లండి” అని కసిరిన చోట మాత్రం అనుమానం రెట్టింపయ్యేది. రోగికి మంచిచెడ్డలు రెండూ తెలియజెప్పి అతని సమ్మతి తీసుకోవడం వైద్యధర్మం.

పదవీ విరమణ తరువాత తీరిక చిక్కి అణువిద్యుత్ పరిశ్రమ చరిత్రను చదివినప్పుడు ఆ పాత ప్రశ్నే నాకు పదే పదే గుర్తుకు వచ్చింది. ఆ పరిశ్రమ ఎక్కడ నిలదొక్కుకొన్నదో, ఎక్కడ కుప్పకూలిందో పరిశీలిస్తే, ప్రజలకు నిజం ఎంతవరకు చెప్పారన్నది చాలాచోట్ల ఫలితాన్ని నిర్ణయించినట్లు కనిపిస్తుంది. ఆ చరిత్రను ఒక వైద్యుని దృష్టితో ఇక్కడ వివరించే ప్రయత్నం చేస్తాను.

రేడియం నేర్పిన తొలి పాఠం

1895లో రాంట్‌జన్ ఎక్స్ కిరణాలను, మరుసటి సంవత్సరం బెకరల్ యురేనియం వెలువరించే కిరణాలను కనుగొన్నారు. 1898లో క్యూరీ దంపతులు రేడియంను కనుగొన్నారు. ఆ కాంతికి లోకం ముగ్ధమైపోయింది. రేడియం కలిపిన నీటిని బలానికి మందుగా కూడా అమ్మారు. దాని హాని తెలియడానికి కొన్ని దశాబ్దాలు పట్టింది. మేరీ క్యూరీ 1934లో ఏప్లాస్టిక్ ఎనీమియాతో, అనగా ఎముకల లోపలి మూలుగ రక్తకణాలను తయారు చేయలేని వ్యాధితో మరణించారు.

1920 ప్రాంతంలో అమెరికాలో గడియారాల అంకెలకు చీకటిలో మెరిసే రేడియం రంగు పూసే పనిలో యువతులు ఉండేవారు. కుంచె మొన సన్నబడడానికి వారు దానిని పెదవులతో తడిపేవారు. రేడియం రసాయన స్వభావంలో కాల్షియంను పోలినది. అందువలన శరీరం దానిని కాల్షియం అనుకొని ఎముకలలో దాచుకొంటుంది. ఆ యువతులకు పళ్లు ఊడి, దవడ ఎముకలు కుళ్లాయి. కొందరికి ఎముకల క్యాన్సరు వచ్చింది. యజమానులు చాలాకాలం రంగులో దోషం లేదనే వాదించారు. బాధితులు న్యాయస్థానానికి వెళ్లవలసి వచ్చింది. వారి శరీరాలను పరీక్షించి తెలుసుకొన్న విషయాల ఆధారంగానే 1941లో ఒంటిలో రేడియం ఎంతకు మించి ఉండరాదన్న తొలి ప్రమాణం ఏర్పడింది. వికిరణ రక్షణ శాస్త్రానికి పునాది వేసినది ఈ శ్రామిక స్త్రీల బాధ.

విచ్ఛిత్తి నుండి విద్యుత్తు దాకా

1938 డిసెంబరులో బెర్లిన్‌లో ఆటో హాన్, స్ట్రాస్‌మన్ అనే రసాయన శాస్త్రజ్ఞులు యురేనియంను న్యూట్రాన్లతో తాడించినప్పుడు అందులో బేరియం పుట్టడం చూసి ఆశ్చర్యపోయారు. నాజీల బారి నుండి తప్పించుకొని స్వీడన్ చేరిన లీజా మైట్నర్, ఆమె మేనల్లుడు ఆటో ఫ్రిష్ దాని అర్థం విప్పిచెప్పారు. యురేనియం కేంద్రకం రెండుగా చీలుతున్నదని, అప్పుడు అపారమైన శక్తి విడుదలవుతున్నదని వారు గ్రహించారు. ఈ చర్యకు ఫ్రిష్ పెట్టిన పేరు జీవశాస్త్రంలో కణవిభజనకు వాడే మాట నుండి వచ్చింది. మనం తెలుగులో విచ్ఛిత్తి అంటున్నాము.

1942 డిసెంబరు 2న చికాగోలో ఎన్రికో ఫెర్మీ బృందం శృంఖల చర్యను తొలిసారి అదుపులో నడిపింది. మూడేళ్లు తిరగకుండానే హిరోషిమా, నాగసాకి నగరాలు బూడిదయ్యాయి. ఈ పరిశ్రమకు పుట్టుకతోనే అంటిన మచ్చ అది. ఆ నగరాలలో బ్రతికినవారిని దశాబ్దాల పాటు పరిశీలించడం వలననే, ఎంత మోతాదుకు ఎంత క్యాన్సరు ముప్పు అన్న లెక్క నేడు మనకు తెలిసింది.

1951 డిసెంబరు 20న అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో ఒక చిన్న రియాక్టరు నాలుగు విద్యుద్దీపాలను వెలిగించింది. 1953 డిసెంబరులో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఐక్యరాజ్యసమితిలో “శాంతి కొరకు అణువు” అనే ప్రసంగం చేశారు. 1954 జూన్‌లో సోవియట్ యూనియన్‌లోని ఆబ్నిన్స్క్‌లో 5 మెగావాట్ల కేంద్రం పనిచేయడం ప్రారంభించింది. 1956లో ఇంగ్లండులోని కాల్డర్‌హాల్ కేంద్రాన్ని రాణి ప్రారంభించారు. ఇంటింటికీ చౌకగా విద్యుత్తు అని ప్రచారం జరిగింది. అదే కేంద్రంలో బాంబులకు కావలసిన ప్లుటోనియం కూడా తయారవుతున్నదన్న సంగతి ఆ ప్రచారంలో వెనుకకు పోయింది.

పాలు చెప్పిన కథ

కాల్డర్‌హాల్ ప్రక్కనే విండ్‌స్కేల్ అనే చోట బాంబుల కొరకు నడిచే రియాక్టరు ఉండేది. 1957 అక్టోబరులో దానికి నిప్పంటుకొన్నది. రేడియోధార్మిక అయొడిన్ గాలిలో కలిసి పచ్చిక మీద పడింది. పచ్చికను ఆవులు మేస్తాయి. ఆవుపాలు పిల్లలు త్రాగుతారు. మన గొంతు వద్ద ఉండే థైరాయిడ్ గ్రంథి హార్మోను తయారీకి అయొడిన్‌ను ప్రత్యేకంగా పోగుచేసుకొంటుంది. మంచి అయొడిన్‌కూ, కిరణాలు వెదజల్లే అయొడిన్‌-131కీ తేడా అది గుర్తించలేదు. పిల్లల గ్రంథి చిన్నది, త్రాగే పాలు ఎక్కువ. అందువలన వారికే ముప్పు ఎక్కువ. అధికారులు సుమారు 500 చదరపు కిలోమీటర్ల మేర పాలను కొన్ని వారాలు పారబోయించారు. అయొడిన్‌-131 అర్ధాయువు ఎనిమిది రోజులే కాబట్టి ఆ కొద్ది వారాల జాగ్రత్త గొప్ప రక్షణ ఇస్తుంది. వైద్యపరంగా వారు చేసినది సరైన పని. కాని ప్రమాదంపై విచారణ జరిపిన నివేదికను మాత్రం ప్రభుత్వం పూర్తిగా బయట పెట్టలేదు. అది ప్రజలకు అందడానికి ముప్పై సంవత్సరాలు పట్టింది.

1979 మార్చి 28న అమెరికాలోని త్రీమైల్ ఐలండ్ కేంద్రంలో ఒక కవాటం మూసుకోక, సిబ్బంది దానిని గుర్తించక, ఇంధనంలో కొంత భాగం కరిగిపోయింది. చుట్టూ ఉన్న దృఢమైన కాంక్రీటు కవచం వలన బయటకు వచ్చినది స్వల్పమే. అయినా తొలిరోజులలో అధికారుల మాటలు పరస్పర విరుద్ధంగా ఉండడంతో ప్రజలు నమ్మకం కోల్పోయారు. అమెరికాలో కొత్త కేంద్రాల నిర్మాణం ఆ తరువాత దశాబ్దాల పాటు దాదాపు నిలిచిపోయింది.

1986 ఏప్రిల్ 26 తెల్లవారుజామున ఉక్రెయిన్‌లోని చెర్నోబిల్‌లో నాలుగవ రియాక్టరు ప్రేలిపోయింది. ఆ నమూనాలోనే లోపం ఉన్నది. అది సిబ్బందికి సరిగా తెలియజేయలేదు. త్రీమైల్ ఐలండ్‌లో ఉన్నటువంటి రక్షణ కవచమూ దానికి లేదు. 134 మంది సిబ్బందికి, అగ్నిమాపక దళం వారికి తీవ్ర వికిరణ వ్యాధి సోకగా, వారిలో 28 మంది కొన్ని నెలల్లోనే మరణించారు. ప్రక్కనే ఉన్న ప్రిప్యాత్ పట్టణాన్ని మరునాడు మధ్యాహ్నం దాకా ఖాళీ చేయించలేదు. స్వీడన్‌లోని ఒక అణుకేంద్రంలో పరికరాలు మోగిన తరువాతనే, 28వ తేదీ రాత్రి, సోవియట్ ప్రభుత్వం క్లుప్తంగా ఒక ప్రకటన చేసింది. మే ఒకటవ తేదీన కీవ్ నగర వీధుల్లో పిల్లలతో సహా ఊరేగింపు జరిగింది.

పల్లెలలో పిల్లలు ఆ రోజులన్నీ పాలు త్రాగుతూనే ఉన్నారు. బెలారస్, ఉక్రెయిన్, రష్యాలోని పీడిత ప్రాంతాలలో ఆనాడు పిల్లలుగా, కౌమారంలో ఉన్నవారిలో 2005 నాటికి 6,000కు పైగా థైరాయిడ్ క్యాన్సర్లు బయటపడ్డాయి. వాటిలో అధికభాగానికి ఆ పాలే కారణమని ఐక్యరాజ్యసమితి శాస్త్ర సంఘం తేల్చింది. చికిత్స లభించడం వలన మరణాలు కొద్దిమందికే పరిమితమయ్యాయి. పొరుగున ఉన్న పోలండ్ కొద్ది రోజుల్లోనే సుమారు కోటిమంది పిల్లలకు మామూలు అయొడిన్ ద్రావణం త్రాగించింది. గ్రంథి ముందే మంచి అయొడిన్‌తో నిండితే విషపు అయొడిన్‌కు చోటుండదు. “కొన్నాళ్లు పాలు త్రాగించకండి” అన్న ఒక్కమాట వేళకు చెప్పి ఉంటే ఎందరు పిల్లల గొంతులపై శస్త్రచికిత్స గాట్లు తప్పేవో! ఈ వ్యాసంలో నన్ను ఎక్కువగా బాధించే విషయం ఇదే.

భయం కూడా ప్రాణాలు తీస్తుంది

2011 మార్చి 11న జపాన్ తీరాన్ని మహాభూకంపం, సునామీ తాకాయి. సునామీలో 18,000 మందికి పైగా మరణించారు లేక గల్లంతయ్యారు. ఫుకుషిమా దైచీ కేంద్రంపై సుమారు 14 మీటర్ల ఎత్తున నీరు వచ్చిపడింది. అంత ఎత్తు అలలకు ఆ కేంద్రం సిద్ధంగా లేదు. అత్యవసర జనరేటర్లు మునిగి, చల్లబరచే నీరు ఆగి, మూడు రియాక్టర్లలో ఇంధనం కరిగింది.

ఇక్కడ కలుషితమైన పాలను, ఆకుకూరలను త్వరలోనే నిలిపివేశారు. రేడియేషన్ వలన ఆ ప్రాంత ప్రజల ఆరోగ్యానికి నేరుగా కలిగిన హాని ఏదీ నమోదు కాలేదని ఐక్యరాజ్యసమితి శాస్త్ర సంఘం దశాబ్దం తరువాత ప్రకటించింది. మరి ఎవరూ మరణించలేదా? మరణించారు. మంచానపడిన వృద్ధులను ఆసుపత్రుల నుండి, ఆశ్రమాల నుండి హడావిడిగా బస్సుల్లో తరలించారు. సెలైన్లు, ఆక్సిజన్, మందులు లేక పదులకొద్దీ రోగులు దారిలోను, ఆ తరువాతి రోజుల్లోను మరణించారు. తరువాతి సంవత్సరాలలో ఇల్లు వాకిలి వదిలిన దిగులు, చికిత్సలో అంతరాయం వంటి కారణాలతో ఫుకుషిమా జిల్లాలో 2,000 మందికి పైగా మరణించినట్లు ప్రభుత్వం గుర్తించింది. చెర్నోబిల్‌లో మౌనం హాని చేసింది. ఇక్కడ మోతాదు తెలియని భయం హాని చేసింది.

అందుచేత మోతాదు లెక్క ప్రతి పౌరునికీ కొంత తెలిసి ఉండాలి. నేల నుండి, గాలి నుండి, ఆకాశం నుండి, ఆహారం నుండి ప్రతి మనిషికీ ప్రపంచ సగటున ఏడాదికి 2.4 మిల్లీసీవర్టుల వికిరణం ఎలాగూ అందుతుంది. ఛాతీ ఎక్స్‌రేలో అందేది 0.1 మిల్లీసీవర్టుకు మించదు. పొట్ట సి.టి. స్కానింగులో 10 మిల్లీసీవర్టుల వరకు ఉండవచ్చు. సుమారు 100 మిల్లీసీవర్టులు దాటితే క్యాన్సరు ముప్పు పెరగడం స్పష్టంగా కొలవగలము. అంతకు తక్కువ మోతాదులో కూడా కొంత ముప్పు ఉన్నదనే అనుకొని జాగ్రత్తపడడం వికిరణ రక్షణ నియమం. కేరళలో కరునాగప్పళ్లి తీరాన మోనజైట్ ఇసుకల వలన సహజ వికిరణం కొన్నిచోట్ల సగటుకు అనేక రెట్లు ఉన్నా, అక్కడి ప్రజలలో క్యాన్సరు అధికంగా ఉన్నట్లు దీర్ఘకాల పరిశీలనలో తేలలేదు.

మన దేశం, మన తెలుగునేల

భారతదేశంలో ఈ పరిశ్రమకు ఆద్యుడు డాక్టర్ హోమీ భాభా. 1948లో అణుశక్తి సంఘం ఏర్పడింది. 1956 ఆగస్టు 4న ట్రాంబేలో ‘అప్సర’ రియాక్టరు పనిచేయడం మొదలైంది. మనకు యురేనియం తక్కువ, థోరియం ఎక్కువ కావడంతో భాభా మూడు దశల ప్రణాళిక రచించారు. మొదట సహజ యురేనియంతో నడిచే భారజల రియాక్టర్లు, వాటిలో పుట్టిన ప్లుటోనియంతో నడిచే ఫాస్ట్ బ్రీడర్లు, చివరకు థోరియం. 1969లో తారాపూర్‌లో తొలి విద్యుత్కేంద్రం అమెరికా సహాయంతో ప్రారంభమైంది. 1974లో పోఖ్రాన్ పరీక్ష తరువాత విదేశీ సహాయం ఆగిపోయింది. ఆ ఒంటరితనంలోనే మన ఇంజనీర్లు భారజల రియాక్టర్లను స్వయంగా నిర్మించడం నేర్చుకొన్నారు. 2008లో అంతర్జాతీయ ఆంక్షలు సడలాయి.

ఈ కథలో తెలుగువారి పాత్ర చిన్నది కాదు. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో జన్మించిన డాక్టర్ అయ్యగారి సాంబశివరావు 1967లో హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. స్థాపనకు సారథ్యం వహించారు. ఎ.ఎస్. రావు నగర్ ఆయన పేరే. రియాక్టర్ల నియంత్రణ పరికరాలు అక్కడ తయారవుతాయి. భారజల రియాక్టర్లకు కావలసిన ఇంధన కట్టలు హైదరాబాదులోని అణు ఇంధన సముదాయంలో రూపొందుతాయి. గోదావరి తీరాన మణుగూరు వద్ద భారజలం తయారవుతుంది. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం గని ఉన్నది.

ఆ గని చుట్టుప్రక్కల రైతులు తమ బోర్ల నీరు పాడైందని, తోటలు దెబ్బతిన్నాయని చెబుతూ వచ్చారు. గని వ్యర్థాల వలన కాదని యాజమాన్యం వాదించింది. ఇందులో ఒక వైద్య విషయం చెప్పవలసి ఉన్నది. త్రాగునీటిలోని యురేనియం కిరణాల కంటె ముందు తన రసాయన విషంతో మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. లీటరు నీటిలో అది 30 మైక్రోగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. ఈ కొలత సామాన్యమైన ప్రయోగశాల పని. ప్రతి ఊరి బోరు నీటిని నిర్ణీత కాలానికొకసారి పరీక్షించి, ఫలితాన్ని పంచాయతీ గోడ మీద వ్రాసిపెడితే సగం తగవు తీరుతుంది. 2019లో నల్లమలలో యురేనియం అన్వేషణపై అంత ఆందోళన రేగినదంటే దాని వెనుక ఉన్నది ఇటువంటి జవాబు దొరకని ప్రశ్నలే.

రాబోయే కాలం

నేడు మన దేశంలో అణువిద్యుత్ సామర్థ్యం 8,000 మెగావాట్లకు కొంత ఎక్కువ. మొత్తం విద్యుత్తులో దాని వాటా సుమారు 3 శాతం. దీనిని 2047 నాటికి లక్ష మెగావాట్లకు పెంచుతామని 2025 కేంద్ర బడ్జెట్ ప్రకటించింది. చిన్న రియాక్టర్ల పరిశోధనకు 20,000 కోట్ల రూపాయలు కేటాయించింది. 2023లో దుబాయిలో జరిగిన వాతావరణ సదస్సులో ఇరవైకి పైగా దేశాలు 2050 నాటికి ప్రపంచ అణువిద్యుత్తును మూడింతలు చేయాలని పిలుపునిచ్చాయి. అదే సంవత్సరం ఏప్రిల్‌లో జర్మనీ తన చివరి మూడు కేంద్రాలను మూసివేసింది. ఫ్రాన్సు మాత్రం దాదాపు మూడింట రెండు వంతుల విద్యుత్తును అణువు నుండే పొందుతున్నది.

ఊపిరితిత్తుల దృష్టితో చూస్తే అణువిద్యుత్తు వైపు బలమైన వాదం ఉన్నది. బొగ్గు పొగలోని సన్నని ధూళి గుండెపోటుకు, పక్షవాతానికి, శ్వాసకోశ వ్యాధులకు దారితీస్తుంది. ఉత్పత్తి అయిన ప్రతి యూనిట్ విద్యుత్తుకు మరణాలను లెక్కిస్తే, చెర్నోబిల్‌ను కలుపుకొన్నా, బొగ్గు వలన కలిగే మరణాలు అణువిద్యుత్తు కంటె వందల రెట్లు ఎక్కువని పరిశోధకుల అంచనా. అయితే బొగ్గు మరణాలు విడివిడిగా, మౌనంగా ఆసుపత్రులలో జరుగుతాయి. అందుకే వాటి గురించి పెద్ద వార్తలు రావు.

అడ్డంకులు కూడా నిజమైనవే. మొదటిది ఖర్చు. అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని వోగ్‌టిల్ కేంద్రంలో రెండు కొత్త రియాక్టర్లు 2023, 2024 సంవత్సరాలలో, సుమారు ఏడేళ్ల ఆలస్యంగా పూర్తయ్యాయి; వ్యయం 3,000 కోట్ల డాలర్లు దాటి తొలి అంచనాకు రెట్టింపైంది. రెండవది వ్యర్థం. వాడిన ఇంధనం వేల సంవత్సరాలు జాగ్రత్తగా ఉంచవలసినది. ఫిన్లండ్ 400 మీటర్లకు పైగా లోతున గట్టి శిలలో దానికి శాశ్వత గిడ్డంగి నిర్మించింది. మన దేశంలో ఇంధనాన్ని పునశ్శుద్ధి చేసి, మిగిలిన తీవ్ర వ్యర్థాన్ని గాజుతో కలిపి గట్టిపరచి భద్రపరుస్తున్నారు.

మూడవది, నా దృష్టిలో అన్నిటికంటె ముఖ్యమైనది, నమ్మకం. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడ వద్ద వోగ్‌టిల్‌లో ఉన్న నమూనాకు చెందిన ఆరు రియాక్టర్లను నెలకొల్పాలన్న ప్రతిపాదన ఏళ్ల తరబడి ఉన్నది. అక్కడి మత్స్యకారులు వలలు ఎక్కడ వేసుకోవాలి, పిల్లల ఆరోగ్యం మాటేమిటి అని అడుగుతున్నారు. అదే జిల్లాలోని ఉద్దానంలో మూత్రపిండాల వ్యాధి ఎన్నో కుటుంబాలను తినివేస్తున్నది. ఎన్ని అధ్యయనాలు జరిగినా దానికి కారణం ఇదీ అని నిర్ధారణ కాలేదు. ఒక అంతుచిక్కని వ్యాధిని చూస్తూ బ్రతుకుతున్న జిల్లా ప్రజలు మరొక కనిపించని ప్రమాదం గురించి అడిగితే అది మూర్ఖత్వం కాదు.

వైద్యునిగా నేను కోరేది ఇది. ఏ కేంద్రానికైనా పునాదిరాయి పడక ముందే చుట్టుప్రక్కల గ్రామాల ఆరోగ్యస్థితిని పూర్తిగా నమోదు చేయాలి: క్యాన్సర్లు, థైరాయిడ్ వ్యాధులు, మూత్రపిండాల పనితీరు, పుట్టుకతో వచ్చే లోపాలు, త్రాగునీటి పరీక్షలు. ఆ పని కేంద్రాన్ని నడిపే సంస్థ చేతిలో ఉండరాదు; వైద్య కళాశాలలు చేయాలి. ప్రతి ఐదేళ్లకు మళ్లీ చేసి ఫలితాలు తెలుగులో ప్రకటించాలి. అప్పుడే ఇరవై ఏళ్ల తరువాత ఎవరికైనా జబ్బు వస్తే, అది కేంద్రం వలన వచ్చిందో కాదో శాస్త్రీయంగా చెప్పగలము. ముందటి లెక్క లేకపోతే నింద నిందగానే, నిరాకరణ నిరాకరణగానే మిగిలిపోతాయి. అయొడిన్ మాత్రలు ఎక్కడ ఉంటాయి, ఎప్పుడు వేసుకోవాలి, మంచానపడ్డవారిని ఎవరు, ఎలా తరలిస్తారు అన్నది ప్రతి ఇంటికీ ముందే తెలియాలి. పర్యవేక్షించే నియంత్రణ మండలికి ప్రభుత్వ శాఖలకు లోబడని నిజమైన స్వతంత్రత ఉండాలి. ఆ లోటును 2012లోనే కాగ్ నివేదిక ఎత్తిచూపింది.

రేడియం రంగు పూసిన యువతులకు, చెర్నోబిల్ పల్లెల తల్లులకు జరిగినది ఒకటే: తెలిసినవారు తెలియనివారికి చెప్పలేదు. ఫుకుషిమా వృద్ధులకు జరిగినది దాని మరొక ముఖం. ఎన్నడో నమ్మకం చెడినందువలన, మోతాదు స్వల్పమైన చోట కూడా జనం ఊళ్లు విడిచి పరుగెత్తారు. లక్ష మెగావాట్ల లక్ష్యం సాధించాలంటే రియాక్టర్లు కట్టినంత శ్రద్ధగా ఈ నమ్మకాన్ని కూడా కట్టుకోవలసి ఉంటుంది. పరీక్ష చీటీ చేతిలో పెట్టినప్పుడు మూడు విషయాలు చెప్పమన్న నా రోగులు నాకు నేర్పినది అంతే.